చింత – రోగనిరోధక శక్తి

చితకును చింతకును నడుమ నొక్క సున్నయే భేదమని మన పెద్దలు చెప్పుదురు. చిత ప్రాణము పోయిన దేహమును కాల్చును. చింత ప్రాణమున్న దేహమును కాల్చునని దాని భావము. ఈ మాటను చిన్ననాటి నుండి వినుచున్నవారమే గాని, చింత దేహమును నిజముగా ఏ విధమున బాధించును, ఎంతవఱకు బాధించును అని విచారించినవారము అరుదు. గడచిన నూఱు సంవత్సరములలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను ప్రయోగశాలలలో పరీక్షించి కొంత సమాధానము చెప్పియున్నారు. అది విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి, ఇచట వివరించుచున్నాము.

ప్రతి సంవత్సరమును పబ్లిక్ పరీక్షలు సమీపించునప్పుడు మా పాఠశాల హాజరు పట్టీని చూచినచో ఒక వింత కనబడును. ఆటల పోటీల దినములలో ఒక్కనాడైనను మానని పిల్లలు, పరీక్షలకు పది దినములు ముందుగా సెలవు చీటీలు పంపుచుందురు. ఒకరికి జలుబు, ఒకరికి కడుపునొప్పి, ఒకరికి నోటిపూత, ఒకరికి జ్వరము. ఇవి యన్నియు బడి యెగవేయుటకు పన్నిన సాకులని కొందఱు తండ్రులు కోపింతురు. సాకులు కొన్ని యుండవచ్చును. కాని అన్నియు సాకులు కావు.

దేహములోని సేన

మన దేహమునకు రోగములతో పోరాడు సేన యొకటి కలదు. ఎముకల మూలుగలో పుట్టు తెల్ల రక్తకణములు ఆ సేనలోని భటులు. ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు సుమారు 4,000 మొదలు 11,000 వఱకు ఈ కణములుండును. వీనిలో కొన్ని, కనబడిన సూక్ష్మజీవిని పట్టి మ్రింగును. కొన్ని, వైరసు సోకిన మన కణములనే గుర్తించి చంపును. వీనికి సహజ హంతక కణములని పేరు. మఱికొన్ని ప్రతిరక్షకములను తయారుచేయును. అవి ఒకసారి ఎదుర్కొన్న శత్రువును జ్ఞాపకముంచుకొని, రెండవసారి వచ్చినప్పుడు త్వరగా పట్టుకొనును. టీకాలు పనిచేయుట ఈ జ్ఞాపకశక్తి వలననే. మెడలోను, చంకలోను, గజ్జలలోను ఉండు శోషరస గ్రంథులు, కడుపులో ఎడమ ప్రక్కనుండు ప్లీహము, రొమ్మెముక వెనుకనుండు థైమస్ గ్రంథి – ఇవి ఈ సేనకు ఠాణాలు.

ఈ సేన తనంత తాను పనిచేయుననియు, మనస్సుతో దీనికి పెద్ద సంబంధము లేదనియు చాలకాలము పలువురు వైద్యులు తలచిరి. 1975లో అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయమున రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ అను ఇద్దఱు ఒక ప్రయోగమును ప్రకటించిరి. వారు ఎలుకలకు సాకరిన్ కలిపిన తీపి నీరు త్రాగించి, దానితోపాటు రోగనిరోధక శక్తిని తగ్గించు మందు నొకదానిని ఇచ్చిరి. కొన్నాళ్లకు ఆ మందు లేకుండ తీపి నీటిని మాత్రమే త్రాగించినను, ఆ ఎలుకలలో ప్రతిరక్షకముల తయారీ తగ్గెను. నాలుక గుర్తించిన రుచి మెదడును చేరి, మెదడు నుండి రక్తములోని భటులకు ఆజ్ఞ వెళ్లినదన్నమాట. ప్లీహమునకును, శోషరస గ్రంథులకును నాడులు చేరియుండుట తరువాతి పరిశోధనలలో స్పష్టమైనది. మనస్సును, ఈ సేనయు వేఱువేఱు ఇండ్లు కావు. ఒక్క ఇంటిలోని రెండు గదులు.

భయపడినప్పుడు జరుగునది

పొలము గట్టున నడచుచుండగా కాళ్ల ముందు పాము కనబడినదనుకొందము. క్షణములో గుండె దడదడ కొట్టుకొనును. ఊపిరి వేగమగును. నోరెండును. అరచేతులు చెమర్చును. మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న అడ్రినల్ గ్రంథులు రక్తములోనికి అడ్రినలిన్‌ను విడుచుటయే దీనికి ముఖ్య కారణము. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున, ఈ మార్పులన్నియు పోరాడుటకో పారిపోవుటకో దేహము చేసికొను సన్నాహమని వివరించెను.

ఈ సన్నాహమునకు రెండవ అంచె కూడ కలదు. మెదడు అడుగుభాగమున నున్న హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పంపును; ఆ గ్రంథి అడ్రినల్ గ్రంథులకు కబురు పంపును; అవి కార్టిసాల్ అను రసమును విడుచును. ఈ కార్టిసాల్ రక్తములో చక్కెరను పెంచి కండరములకు బలమిచ్చును. అంతేగాక రోగనిరోధక సేనకు కళ్లెము వేయును. కళ్లెమెందుకని అడుగవచ్చును. సేన మితిమీఱి విజృంభించినచో శత్రువుతోపాటు స్వంత ఇంటిని కూడ పాడుచేయును. కీళ్లవాతములో కొన్ని రకములు అట్లు పుట్టునవే. 1948లో అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్, కార్టిసాల్‌కు దగ్గఱి బంధువైన కార్టిసోన్‌ను కీళ్లవాత రోగులకిచ్చి, వారి వాపును నొప్పియు తగ్గుట చూచెను. ఆ కృషికి ఆయనకును, కెండాల్, రైక్‌స్టైన్‌లకును 1950లో నోబెల్ బహుమానము లభించినది. 2020లో కోవిడ్ ముదిరి ప్రాణవాయువు అవసరమైన రోగులను డెక్సామెథసోన్ కాపాడినదని విన్నాము గదా! అదియు ఈ జాతి మందే.

పాము తొలగిపోయిన తరువాత కొంతసేపటికి గుండె నెమ్మదించును, కార్టిసాల్ తగ్గును, కళ్లెము వదులగును. ఇట్టి స్వల్పకాలపు భయము వలన హాని లేదు. ఆ కొద్దిసేపును కొన్ని తెల్ల కణములు రక్తములో అధికమై గాయము తగిలిన ఎదుర్కొనుటకు సిద్ధముగా నుండును. 2004లో సుజాన్ సెగర్‌స్ట్రామ్, గ్రెగొరీ మిల్లర్ అనువారు దాదాపు 300 అధ్యయనములను కలిపి పరిశీలించి తేల్చినది ఇదియే: కొద్ది నిమిషముల ఒత్తిడి సేనలో కొంత భాగమును మేల్కొల్పును, నెలల తరబడి సాగిన ఒత్తిడి సేన మొత్తమును మందగింపజేయును.

చిక్కంతయు తొలగిపోని పాముతోనే. తీరని అప్పు, ఇంటిలో ఎడతెగని కలహము, నెలల తరబడి పరీక్షాభయము, తనకేదో పెద్ద రోగమున్నదను శంక – ఇవి తొలగిపోని పాములు. 1936లో కెనడా దేశమున మాంట్రియల్ నగరములో హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను చలి, గాయము, మితిమీఱిన శ్రమ, మందులు మున్నగు పలు విధముల బాధలకు గుఱిచేసెను. బాధ ఏదైనను ఫలితమొక్కటే: అడ్రినల్ గ్రంథులు ఉబ్బెను, థైమసును, శోషరస గ్రంథులును కుంచించుకొనిపోయెను, జీర్ణకోశమున పుండ్లు పుట్టెను. ఒత్తిడి యను మాటను వైద్యశాస్త్రములో వ్యాపింపజేసినవాడు ఈయనయే.

పరీక్షలు, గాయములు, జలుబు

ఎలుకల సంగతి మనుష్యులకు ఎంతవఱకు వర్తించును? అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున జానిస్ కీకోల్ట్-గ్లేసర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలును, ఆమె భర్తయైన రోనాల్డ్ గ్లేసరును విద్యార్థులనే పరీక్షించిరి. 1984లో ప్రకటించిన అధ్యయనమున, 75 మంది మొదటి సంవత్సరపు వైద్య విద్యార్థుల రక్తమును పరీక్షలకు ఒక నెల ముందు ఒకసారియు, పరీక్షల మొదటి దినమున ఒకసారియు తీసి చూచిరి. రెండవసారి సహజ హంతక కణముల చుఱుకుదనము తగ్గియుండెను. ఒంటరితనము అధికముగా ననుభవించుచున్న విద్యార్థులలో అది ఇంకను తక్కువగా నుండెను. ఈ చివరి మాటను తలిదండ్రులు ప్రత్యేకముగా గమనింపవలెను.

1998లో ప్రకటించిన మఱియొక అధ్యయనము చిన్నదే గాని మనోహరమైనది. దంతవైద్య విద్యార్థులు 11 మంది తమ అంగిటిలో చిన్న గాయము చేయించుకొనుటకు ఒప్పుకొనిరి. ఒక గాయము వేసవి సెలవులలో. అంతే పరిమాణము గల రెండవది పరీక్షకు మూడు దినములు ముందు. పరీక్షలనాటి గాయము మానుటకు సెలవులనాటి గాయము కంటె నూటికి 40 వంతుల అధిక కాలము పట్టినది.

ఇక జలుబు. 1991లో షెల్డన్ కోహెన్ బృందము ఇంగ్లండులోని సాల్స్‌బరీ వద్ద జరిపిన ప్రయోగము ప్రసిద్ధము. 394 మంది ఆరోగ్యవంతులను వారి ఒత్తిడిని గూర్చి ముందుగా ప్రశ్నించి, వారి ముక్కులలో జలుబు వైరసులు గల చుక్కలు వేసి, వేఱుగా నుంచి గమనించిరి. ఒత్తిడి అతి తక్కువగా నున్నవారిలో నూటికి రమారమి 27 మందికి జలుబు చేసెను. అతి హెచ్చుగా నున్నవారిలో నూటికి 47 మందికి చేసెను.

ఈ సంఖ్యలను రెండు వైపుల నుండియు చదువవలెను. ఒత్తిడి జలుబు అవకాశమును పెంచినదనుట నిజమే. కాని ఒత్తిడి లేనివారిలోను 27 మందికి జలుబు చేసినది. ఒత్తిడి మిక్కుటముగా నున్నవారిలోను సగమునకు మించినవారికి అసలు చేయలేదు. కావున జబ్బు చేసిన పిల్లవానితో “నీవు దిగులు పడుటచేతనే జబ్బు వచ్చినది” అనుట అశాస్త్రీయము, క్రూరము కూడ. జబ్బు వైరసు వలన వచ్చినది. దిగులు తలుపును కొంచెము వారగా తెఱచియుండవచ్చును, అంతే.

రోగభయము

ఇప్పుడు తొలగిపోని పాములలో మిక్కిలి చిత్రమైనదానిని గూర్చి చెప్పవలెను. అది రోగభయము. మా పాఠశాలలో కొన్నేండ్ల క్రిందట పదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె తన దవడ క్రింద చిన్న గడ్డ యుండుట గమనించెను. ఎవరికిని చెప్పక, రాత్రి సెల్ ఫోనులో వెదకెను. వెదకినకొలది భయంకరమైన రోగముల పేర్లు కనబడెను. ఆనాటి నుండి దినమునకు ఎన్నిసార్లో ఆ గడ్డను తడవి చూచుచుండెను. తడవుటచేత అది నొప్పి పుట్టెను; నొప్పి పుట్టుటచేత భయము హెచ్చెను. అన్నము సయించదు, నిద్ర పట్టదు, తల దిమ్ముగా నుండును. ఈ లక్షణములనుగూడ ఆమె రోగమునకే లెక్క వ్రాసికొనెను. ఒకనాటి రాత్రి “అవ్వా, నేను బ్రదుకనేమో!” అని తన అవ్వను కౌగిలించుకొని యేడ్చినప్పుడు గాని ఇంటిలో సంగతి తెలియలేదు.

మఱునాడు వైద్యునియొద్దకు పోయిరి. ఆయన చూచి, తమిళమున “కట్టి” అనియు, మందు వాడుమనియు చెప్పెను. ఆ మాటకు గడ్డ యని మాత్రమే యర్థము. మన గడ్డ వలెనే సెగగడ్డకును చెల్లును, పెద్ద రోగమునకును చెల్లును. అవ్వ పెద్ద రోగమనియే గ్రహించెను. ఇంటిలో పొయ్యి వెలుగలేదు. రెండు దినముల తరువాత సంగతి తెలిసి, తమిళము బాగుగా వచ్చిన మా ఉపాధ్యాయురాలు వారితో మఱల ఆ వైద్యునియొద్దకు పోయి, ప్రతి మాటను అడిగి తెలుగున చెప్పెను. పిల్లకు దంతము పుచ్చి చీము పట్టినది. అచటి సూక్ష్మజీవులతో పోరాడుచున్న శోషరస గ్రంథి ఉబ్బినది. అనగా ఆ బాలిక మృత్యువని భయపడినది, తనను కాపాడుచున్న ఠాణానే! దంతమునకు చికిత్స జరిగెను. మూడు వారములలో గ్రంథి అణగెను. ఆమె పరీక్షలు వ్రాసెను.

ఈ కథలోని చక్రమును గమనింపుడు. శంక వలన పరీక్షించి చూచుకొనుట, దాని వలన నొప్పి, నొప్పి వలన మఱింత శంక. గుండెదడ, ఆయాసము, కడుపులో త్రిప్పు, చేతుల తిమ్మిరి – ఇవన్నియు అడ్రినలిన్ చేయగల పనులే. రోగభయము గలవారు వీనినే రోగలక్షణములనుకొందురు. మనస్సు ఎదురుచూచిన బాధను దేహము చూపుననుటకు గట్టి సాక్ష్యము కలదు. కోవిడ్ టీకాల పరీక్షలలో టీకాకు బదులు ఉప్పునీరు వంటి ఉత్త సూదిమందు పొందిన 22,578 మంది సంగతిని 2022లో కొందఱు పరిశోధకులు సమీక్షించిరి. మొదటి సూదికే వారిలో నూటికి 35 మంది తలనొప్పి, అలసట మున్నగు బాధలు చెప్పియుండిరి. వారు అబద్ధమాడలేదు. నొప్పి నిజమే, కారణము మాత్రము వేఱు.

రోగభయము నెలల తరబడి సాగినచో అదియు ఒక దీర్ఘకాలపు ఒత్తిడియే. కార్టిసాల్ దారి దానికిని తెఱచియే యుండును. నిద్ర చెడును, తిండి తగ్గును, వ్యాయామము మానుదురు. ఇవియు సేనను బలహీనపఱచును. నార్వే దేశమున 7,052 మందిని సుమారు 12 సంవత్సరములు గమనించి 2016లో ప్రకటించిన అధ్యయనములో, రోగభయము హెచ్చుగా నున్నవారిలో నూటికి 6 మందికిని, లేనివారిలో నూటికి ముగ్గురికిని గుండెజబ్బు వచ్చినది. భయమే కారణమని దీనిచే ఋజువు కాలేదు. కాని నిత్యము భయపడుట రక్షణ కాదని మాత్రము తేటపడినది.

ఇంత చదివిన పిదప “అయ్యో, నా చింత నా రోగనిరోధక శక్తిని తినివేయుచున్నదేమో” అని క్రొత్త చింతను తెచ్చికొనవద్దని మనవి. ఈ సేన దృఢమైనది. కొన్ని వారముల దిగులుతో కూలునది కాదు. ఒత్తిడి తగ్గినపుడు తిరిగి కోలుకొనును.

మాతృభాషయు వైద్యమును

రాష్ట్రపు సరిహద్దున నివసించు మనకు ఒక ప్రత్యేకమైన కష్టము కలదు. బాధ తెలుగున కలుగును. చెప్పుకొనవలసినది మఱియొక భాషలో. హోసూరులోనైనను, బళ్లారిలోనైనను, బరంపురములోనైనను అవ్వలు తాతలు వైద్యుని ముందు సగము మాటలతో ఊరకుందురు. వైద్యుడు చెప్పినదానిలో సగము గ్రహింతురు. తెలియని సగమును భయము పూరించును. కావున రాష్ట్రభాషను బాగుగా నేర్చికొనుట మన పిల్లలకు ఉద్యోగము కొఱకు మాత్రమే కాదు, ఇంటిలోని పెద్దల ప్రాణము కొఱకు కూడ. వైద్యునితో నాలుగు ప్రశ్నలు తప్పక అడుగవలెను: ఈ జబ్బు పేరేమి? దీనికి కారణమేమి? ఎన్నాళ్లకు తగ్గును? ఏ లక్షణము కనబడిన మఱల రావలెను? సమాధానములను తెలుగున ఒక కాగితముపై వ్రాసి యింటిలో నుంచినచో సగము భయము తీఱును.

చేయదగిన పనులు

మొదటిది నిద్ర. 2009లో ప్రకటించిన ఒక ప్రయోగమున 153 మందికి జలుబు వైరసు నిచ్చి చూడగా, 7 గంటలకు తక్కువ నిద్రించువారికి, 8 గంటలు నిద్రించువారికంటె జలుబు దాదాపు 3 రెట్లు అధికముగా చేసెను. పరీక్షల ముందు రాత్రి రెండు గంటల వఱకు పిల్లలను కూర్చుండబెట్టు తలిదండ్రులు ఈ లెక్కను తలపోయుదురుగాక.

రెండవది, సాయంకాలము ఒక అరగంట నడకయో, ఆటయో. పరీక్షల నెలలో ఆట మాన్పించుట తగదు.

మూడవది తోడు. ఒంటరి విద్యార్థుల రక్తము చెప్పిన సంగతి పైన చూచితిమి. దినమునకు ఒక్కసారియైనను మార్కుల ప్రసక్తి లేకుండ పిల్లలతో కూర్చుండి భోజనము చేయుడు.

నాలుగవది వ్రాత. 1988లో జేమ్స్ పెన్‌బేకర్, గ్లేసర్ దంపతులతో కలిసి, 50 మంది విద్యార్థులలో సగము మందిచే తమ మనోవ్యథను వరుసగా నాలుగు దినములు, దినమునకు 20 నిమిషములు వ్రాయించెను. తక్కినవారు సామాన్య విషయములను వ్రాసిరి. వ్యథను వ్రాసినవారిలో కొన్ని తెల్ల కణముల ప్రతిస్పందన మెఱుగుగా నుండెను. వైద్యునియొద్దకు పోవుటయు తగ్గెను. తరువాతి ప్రయోగములలో ఫలితము అందఱికిని ఇంత స్పష్టముగా రాలేదు. అయినను ఖర్చు లేని పని. హాని లేని పని. ఏ భాషలో కల వచ్చునో ఆ భాషలో వ్రాసికొనుటయే మేలని మా యభిప్రాయము.

ఐదవది, రోగలక్షణములను ఫోనులో వెదకుట మానవలెను. లక్షణములను దాచుటయు మానవలెను. రెండు వారములు దాటిన దగ్గు, తగ్గని జ్వరము, కారణము లేక బరువు తగ్గుట, కఫములో రక్తము, పెరుగుచున్న గడ్డ, ఊపిరి కష్టమగుట – వీనిని “ఉత్త దిగులే” అని త్రోసివేయరాదు. వైద్యుడు ఒకసారి చూచి భయము లేదని చెప్పిన పిదప పదిమంది వైద్యులను తిరుగుటయు తగదు. భయము అప్పటికిని విడువనిచో, దానికే చికిత్స కలదు. ఆలోచనా విధానమును సరిదిద్దు చికిత్స రోగభయమునకు బాగుగా పనిచేయునని పరీక్షలలో తేలినది. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. అచట తెలుగున మాటలాడువారును కలరు. మనస్సునకు వైద్యము కోరుట సిగ్గుపడవలసిన పని కాదు; పుచ్చిన దంతమునకు వైద్యము కోరుట వంటిదే.

విద్యార్థులారా! ఈ వ్యాసమును ఇంట అవ్వకును, తాతకును, తలిదండ్రులకును చదివి వినిపింపుడు. చదివిన పిదప, వారి మనస్సులో చెప్పుకొనని భయమేదైన నున్నదేమో మెల్లగా అడుగుడు. మీ మనస్సులోనిదియు వారికి చెప్పుడు. ఆ బాలిక మొదటి రాత్రియే తన అవ్వకు చెప్పియున్నచో, అన్ని రాత్రుల నిద్ర ఆమెకు మిగిలియుండెడిది.